కలుజు ఎప్పుడు మూయాలి?



2024 అక్టోబరు నడిమిలో చెన్నైలోని వేళచ్చేరి ఫ్లైఓవర్ మీద ఒక చిత్రం చూశాం. వంతెనకు రెండు పక్కలా కార్లు బారులు తీరాయి. ట్రాఫిక్ ఆగిపోయి కాదు, మనుషులు కావాలనే తెచ్చి, తాళాలు వేసి, ఇళ్ళకు వెళ్ళిపోయారు. వాన ఇంకా గట్టిగా మొదలు కాలేదు. అతి భారీ వర్షం రాబోతోందని వాతావరణ శాఖ చెప్పింది, అంతే. పల్లెల్లో ఏరు పొంగుతుందంటే పశువుల్ని మిట్టకు తోలేవాళ్ళు. ఇక్కడ కార్లను వంతెన మీదికి తోలారు. టీవీల్లో చూసి చాలామంది నవ్వుకున్నారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత ఆలోచిస్తే, ఆ పూట ఊరంతటిలో లెక్క సరిగ్గా వేసుకున్నది వాళ్ళేననిపించింది. వాన ఎంత పడుతుందో వాళ్ళకూ తెలియదు. తమ వీధిలో నీళ్ళకు చోటు ఎంత మిగిలిందో మాత్రం వాళ్ళకు బాగా తెలుసు.

ఈ చోటు సంగతే ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది.

మా మేనల్లుడొకడు అమెరికాలో నార్త్ డకోటా రాష్ట్రంలో ఫార్గో అనే ఊళ్ళో ఉంటాడు. ఒక మార్చి నెలలో ఫోన్ చేసి, "మామయ్యా, మా ఊరికి వరద వస్తుందంటున్నారు" అన్నాడు. వానలు బాగా పడుతున్నాయా అని అడిగాను. "చుక్క లేదు మామయ్యా, ఎండ కాస్తోంది. ఆ ఎండకే భయపడుతున్నాం" అన్నాడు. నాకు మొదట అర్థం కాలేదు. వాడే విడమరిచి చెప్పాడు. శీతకాలమంతా అక్కడ పడిన నీరు పారిపోదు, మంచయి నేల మీద పేరుకుంటుంది. వసంతం రాగానే అదంతా ఒక్కసారి కరగడం మొదలుపెడుతుంది. కింద నేల ఇంకా గడ్డకట్టే ఉంటుంది కాబట్టి చుక్క ఇంకదు. దాని మీద ఒక మోస్తరు వాన పడితే చాలు, నాలుగు నెలల నీరూ ఆ నాటి వానా కలిసి నది మీద పడతాయి. పైగా వాళ్ళ ఊరి నది, రెడ్ రివర్, ఉత్తరానికి పారుతుంది. ఎగువన కరిగిన నీరు వచ్చేసరికి దిగువన నది ఇంకా గడ్డకట్టే ఉంటుంది. మనం కాలువకు అడ్డం కడితే ఎలా ఉంటుందో అలా.

ఆ నది మీదే కాస్త దిగువన గ్రాండ్ ఫోర్క్స్ అనే పట్నం ఉంది. 1997 ఏప్రిల్లో అక్కడ నది 49 అడుగులు లేస్తుందని అంచనా వేశారు. జనం ఆ ఎత్తుకు తగ్గట్టు ఇసుక బస్తాలు పేర్చారు. వచ్చింది 54 అడుగులు. పట్నం దాదాపు మొత్తం ఖాళీ చేయాల్సి వచ్చింది. నీళ్ళలో నిలబడ్డ భవనాలు మంటల్లో కాలిపోవడం ఆ ఊరివాళ్ళు కళ్ళారా చూశారు.

అయితే మావాడు చెప్పిన ఇంకో ముక్క నాకు బాగా నచ్చింది. అక్కడ చలికాలంలో మనుషులు మంచులోకి గొట్టం గుచ్చి, పైకి తీసి, తూకం వేస్తారట. ఎత్తు ముఖ్యం కాదు, కరిగితే ఎన్ని నీళ్ళవుతుందన్నదే లెక్క. వాన రాకముందే, ఎండ రాకముందే, నేల మీద ఎంత నీరు కాచుక్కూర్చుందో వాళ్ళకు ఆ తూకం చెబుతుంది.

మన మదరాసుకు మంచు ఎక్కడిది? అడయారు, కూవం, కొసస్తలై, ఆరణియార్, వీటిలో ఏ ఒక్కదానికీ మంచుకొండ మొహం తెలియదు. తెలుగు గంగ కాలువలో వచ్చే కృష్ణమ్మ కూడా సహ్యాద్రి వానల్లో పుట్టినదే. మనకున్నది ఈశాన్య ఋతుపవనం. చిత్త, స్వాతి కార్తెల్లో మొదలై, విశాఖ, అనూరాధ దాటి జ్యేష్ఠ దాకా కురిసే వాన. మనకు కూడా ఒక రకం మంచు ఉందని మాత్రం నేనంటాను. అది నవంబరులో నిండిన చెరువు.

చెన్నై చుట్టూ చెంగల్పట్టు, కాంచీపురం, తిరువళ్ళూరు జిల్లాల్లో వేల చెరువులున్నాయి. తమిళంలో చెరువును ఏరి అంటారు. మనకేమో ఏరు అంటే పారే నీరు. ఒక అక్షరం తేడాలో నిలిచే నీరు పారే నీరవుతుంది, డిసెంబరులో ఈ ఊళ్ళో జరిగేదీ సరిగ్గా అదే. ఇవన్నీ గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండితే దాని కలుజు, అంటే మిగులు నీరు పొర్లే గట్టు, దాటిన నీరు కింది చెరువులోకి, అదీ నిండితే ఆ కిందిదానికి. అక్టోబరులో పది సెంటీమీటర్ల వాన పడితే ఎండిన చెరువులన్నీ గుటుక్కుమని మింగేస్తాయి, నదిలో మోకాలి లోతు నీరు రాదు. అదే పది సెంటీమీటర్లు నవంబరు నెలాఖరున పడితే, చెరువులో చోటు లేదు, నేలలో చోటు లేదు, పడిన ప్రతి చుక్కా పారాల్సిందే. వాన అదే, ఊరు అదే. తేడా వచ్చింది అంతకు ముందు నెలలో.

2015 వరద గురించి చెప్పకుండా ఈ మాట ముందుకు సాగదు.

ఆ ఏడాది నవంబరులో, వాతావరణ కేంద్రం ఉన్న నుంగంబాక్కంలో 105 సెంటీమీటర్ల వాన పడింది. ఈ నగరంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మూడు నెలలకూ కలిపి మామూలుగా పడేది 80 సెంటీమీటర్లకు అటూ ఇటూ. అంటే మూడు నెలల వానకు మించి ఒక్క నెలలోనే. ఒక నవంబరులో అంతకంటే ఎక్కువ పడింది 1918లోనే. నెల గడిచేసరికి చెరువులన్నీ మెడదాకా నిండాయి. చెంబరంబాక్కం చెరువు పూర్తి మట్టం 24 అడుగులు. డిసెంబరు 1 ఉదయానికి 22 అడుగుల దగ్గర ఉంది. ఆ రోజూ ఆ రాత్రీ కలిపి తాంబరంలో 49 సెంటీమీటర్లు, చెంబరంబాక్కంలో 47, నుంగంబాక్కంలో 29 పడింది.

ఆ 29 సెంటీమీటర్లకు ఒక చిన్న లెక్క వేసి చూశాను. నగర పాలక సంస్థ విస్తీర్ణం 426 చదరపు కిలోమీటర్లు. అంత నేల మీద ఒక రోజులో రమారమి 30 సెంటీమీటర్లు పడితే అది నాలుగున్నర టీఎంసీలు. చెంబరంబాక్కం చెరువు నోటిదాకా నింపితే పట్టేది 3,645 మిలియన్ ఘనపు అడుగులు, అంటే మూడున్నర టీఎంసీల పైచిలుకు. ఒక చెరువెడు నీళ్ళు, ఆ పైన ఇంకా కొన్ని, ఒక్క రోజులో మన నెత్తి మీద పడ్డాయన్న మాట. ఇది ఊరి మీద పడిన వానే. ఎగువ నుంచి వచ్చింది వేరు.

నేను అప్పటికీ ఇప్పటికీ సైదాపేటలో, అడయారుకు నాలుగు వీధుల అవతల, మేడ మీది వాటాలో ఉంటున్నాను. కింది వాటాలో ఒక తమిళ పెద్దావిడ. అందరం పాటి, అంటే అవ్వ, అని పిలుస్తాం. ఆ డిసెంబరు 1 సాయంత్రం కరెంటు పోయింది. రాత్రికి ఫోన్లు మూగబోయాయి. వాన చప్పుడు మాత్రం పొద్దుటి నుంచీ ఒకే శ్రుతిలో ఉంది, చెవి దానికి అలవాటు పడిపోయింది. అర్ధరాత్రి దాటాక మాకు మెలకువ వచ్చింది ఆ చప్పుడు వల్ల కాదు. అడుగున ఇంకొకటి, బరువుగా, గుసగుసలాడుతున్నట్టు వినపడింది. టార్చి వేసి చూస్తే వీధిలో నీళ్ళు పారుతున్నాయి. నిలవలేదు, పారుతున్నాయి. వాన నీరైతే వీధిలో నిలుస్తుంది, ఎప్పుడూ చూసేదే. పారుతోందంటే నది ఇంటికొచ్చిందన్న మాట. పాటిని మేడ మీదికి తెచ్చుకున్నాం. ఆవిడ చేతిలో పట్టుకొచ్చింది రెండు వస్తువులు. మందుల డబ్బా, పెన్షను పుస్తకం. తెల్లవారేదాకా మెట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాం. నీళ్ళు ఏడో మెట్టు దగ్గర ఆగాయి. మా మెట్లు మొత్తం పదమూడు.

నా దగ్గర పాత బ్యాటరీ రేడియో ఒకటి ఉండేది. అది ఆ రాత్రి ఎంత పని చేసిందో రేడియోలోనే చెప్పుకోవడం సొంత డబ్బా అవుతుంది కనుక వదిలేస్తున్నాను.

మర్నాడు డిసెంబరు 2న 'ది హిందూ' పత్రిక చెన్నైలో రాలేదు. 1878లో మొదలైన పత్రిక, ఎన్ని తుపానులు, ఎన్ని యుద్ధాలు చూసిందో. మరైమలై నగర్‌లోని ప్రెస్సుకు పనివాళ్ళు చేరుకోలేక ఆ రోజు అచ్చు ఆగిపోయింది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఈ ఊళ్ళో పేపర్లలో రోజూ ఒక మూల చిన్న పట్టీ వేస్తారు. పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం, ఒక్కొక్క జలాశయంలో ఎన్ని అడుగుల నీరుంది, ఎంత వస్తోంది, ఎంత పోతోంది. నేను ముప్పై ఏళ్ళుగా పేపరు తీయగానే అది చూస్తాను. పంచాంగంలో రాహుకాలం చూసేవాళ్ళు లేరా, అలా. నాకు అన్నిటికంటే కావలసిన రోజున ఆ పట్టీ రాలేదు.

అప్పటి నుంచి నడుస్తున్న వాదం మీకు తెలిసిందే. చెంబరంబాక్కం నుంచి అడయారులోకి డిసెంబరు 1 ఉదయం వదిలింది వెయ్యి క్యూసెక్కుల లోపే. సాయంత్రానికి 29,000. క్యూసెక్కంటే సెకనుకు ఒక ఘనపు అడుగు, అంటే 28 లీటర్ల పైన. 29,000 అంటే సెకనుకు ఎనిమిది లక్షల లీటర్లు. ముందు నుంచే కొద్దికొద్దిగా వదిలి చెరువులో చోటు చేసి ఉంటే ఇంత జరిగేది కాదని ఒక వాదం. 2018లో బయటికొచ్చిన కాగ్ నివేదిక కూడా జలాశయం నిర్వహణను గట్టిగానే తప్పుపట్టింది. నియమాల ప్రకారమే చేశామని ప్రభుత్వ పక్షం. అడయారులో ఆ రాత్రి వచ్చిందంతా చెంబరంబాక్కం నీరు కాదన్నదీ నిజమే. ఆదనూరు, మణిమంగళం, ముడిచ్చూరు వైపు చెరువులు పొర్లి వచ్చిన నీరు చాలా ఉంది. ఆ నీటికి గేటూ లేదు, తాళమూ లేదు, దాన్ని అడిగే అధికారీ లేడు.

నేను ఇంజనీరును కాను, న్యాయమూర్తిని అంతకన్నా కాను. కానీ ఆ గేటు దగ్గర నిలబడ్డ మనిషి కష్టం నాకు కొంచెం తెలుసు. ఎలాగంటే, మాది నగరి పక్క పల్లె.

మా ఊరి చెరువుకు ఒక నీరుగంటి ఉండేవాడు. తూము తీయడం, పొలాలకు వంతుల వారీ నీళ్ళు పెట్టడం, వానల్లో కట్ట మీద కాపలా, అన్నీ అతని పనే. చెరువు కలుజు మీద వరుసగా నిలువు రాళ్ళు పాతి ఉండేవి, మనిషి నడుము ఎత్తున. పిల్లలం వాటి మీద ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి దూకేవాళ్ళం. అవి ఎందుకున్నాయో తర్వాత తెలిసింది. వానలు జోరుగా ఉన్నన్నాళ్ళు ఆ రాళ్ళ సందులు ఖాళీగా వదిలేస్తారు, ఎక్కువైన నీరు మొరవ పోతుంది. ఇక వానలు వెనక్కి తగ్గుతాయనగా ఆ సందుల్లో మట్టి, గడ్డి కొట్టి మూసేస్తారు. దానితో చెరువులో ఇంకో రెండు మూడడుగుల నీరు నిలుస్తుంది. ఎండాకాలం పంటకు ఆ నీరే ఆధారం.

మరి ఎప్పుడు మూయాలి? ముందే మూస్తే చివరి వానకు కట్ట తెగుతుంది. ఆలస్యం చేస్తే చివరి వాన కాస్తా పోయి, ఎండాకాలం మడి ఎండుతుంది. ఆయకట్టు రైతులు "ఇంకా మూయవేంరా" అని నీరుగంటి మీద పడేవాళ్ళు. చెరువు లోపలి వైపు మెట్ట చేలున్నవాళ్ళు "మూస్తే మా చేలు మునుగుతాయి, చేతులు విరుస్తాం" అనేవాళ్ళు. అతను మబ్బు చూసేవాడు, గాలి చూసేవాడు, చీమలు చూసేవాడు. ఊరి పెద్దల్ని అడిగేవాడు. చివరికి ఏం చేసినా సగం ఊరు తిట్టేది. ఒక ఏడు కట్టకు గండి పడింది. ఆ తర్వాత రెండేళ్ళు అతను భయంతో ఆలస్యంగా మూశాడు, ఆ రెండేళ్ళూ వేసవి పైరు పోయింది. గండి సంగతి ఊరు మర్చిపోయింది. ఎండిన పైరు సంగతి మర్చిపోలేదు.

చెన్నైకి కూడా ఇదే జరిగింది. 2015లో ముంచిన చెరువులు 2019 జూన్ నాటికి పర్రెలు విచ్చాయి. నాలుగు జలాశయాలూ ఎండిపోయాయి. కొన్ని హోటళ్ళు మధ్యాహ్న భోజనం మానుకున్నాయి. వీధి కుళాయి దగ్గర రంగురంగుల ప్లాస్టిక్ బిందెల వరస. జూలై 12న జోలార్‌పేట నుంచి 50 వ్యాగన్ల రైలు 25 లక్షల లీటర్ల నీటితో వచ్చింది. రైలింజను ముందు అరటి బోదెలు కట్టి, పెళ్ళికొడుకును ఎదుర్కొన్నట్టు ఎదుర్కొన్నారు. నాలుగేళ్ళ కింద సెకనుకు ఎనిమిది లక్షల లీటర్లు సముద్రంలోకి వదిలిన ఊరు, 25 లక్షల లీటర్లకు, అంటే ఆ లెక్కన మూడు సెకన్ల నీటికి, స్వాగతం పలికింది.

ఇప్పుడు చెప్పండి, నవంబరు నెలాఖరున చెంబరంబాక్కంలో 22 అడుగులున్నప్పుడు గేటు ఎత్తాలా, దించాలా? ఎత్తితే, వాన రాకపోతే, మే నెలలో బిందెలు పట్టుకుని మనమే తిడతాం. దించితే, వాన వస్తే, మెట్లు లెక్కపెట్టుకుంటూ మనమే తిడతాం. పేపర్లో ఆ మూల పట్టీని వేసవిలో దాహంతో చూస్తాం. కార్తీకంలో భయంతో చూడాలి. అంకె అదే, దాన్ని చదివే తీరే వేరు. రెండో చదువు మనకు ఇంకా పూర్తిగా అబ్బలేదు. 22 అడుగులున్నాయంటే, "అమ్మయ్య, ఈ ఏడు నీళ్ళకు కొదవ లేదు" అంటాం. రెండడుగుల చోటే మిగిలిందని అనుకోం.

గేటుంటే ఇన్ని చిక్కులు. గేటే లేని చోట్ల సంగతి వేరే.

2023 డిసెంబరు 3, 4 తేదీల్లో మిచౌంగ్ తుపాను వచ్చింది. మన బాపట్ల దగ్గర 5వ తేదీన తీరం దాటిందే, అది. దాటే ముందు చెన్నైకి ఎదురుగా సముద్రంలో తాపీగా నడిచింది. రెండు రోజుల్లో నగరంలో చాలా చోట్ల 40 సెంటీమీటర్లు దాటింది. ఈసారి చెంబరంబాక్కం నుంచి వదిలిన నీరు 2015తో పోలిస్తే చాలా తక్కువ. చెరువులో ముందే చోటు ఉంచారు, ఆ మాట ఒప్పుకోవాలి. మా వీధిలో ఈసారి నది రాలేదు. కానీ వేళచ్చేరి, పళ్ళికరణై, ముడిచ్చూరు మునిగాయి. కొన్ని చోట్ల రోజుల తరబడి పడవలు తిరిగాయి.

ఎందుకంటే ఆ పక్కన ఉన్న అసలు చెరువు పళ్ళికరణై చిత్తడి నేల. ఎగువన ముప్పైకి పైగా చెరువులు పొర్లిన నీరంతా అక్కడికి చేరి, పరుచుకుని, ఒక్కియం మడువు గుండా నింపాదిగా కోవళం వైపు సముద్రానికి పోవాలి. 1960లలో అది 5,000 హెక్టార్ల పైన ఉండేదని లెక్క. 2022లో రామ్‌సర్ జాబితాలో చేరినప్పుడు నమోదైంది 1,247 హెక్టార్లు. మిగతా చోట ఏమున్నాయో ఐటీ కారిడార్‌లో ఉద్యోగాలు చేసే మన పిల్లల్ని అడిగితే చెబుతారు. అద్దాల మేడలు, అపార్ట్‌మెంట్లు, రోడ్లు, పెరుంగుడి చెత్త గుట్ట. వీటిలో ఒక్కటీ రాత్రికి రాత్రి దొంగతనంగా వచ్చింది కాదు. ప్రతిదానికీ ఒక కాగితం ఉంది, కాగితం మీద ముద్ర ఉంది.

ఇక తుపాను వేళ సముద్రం సంగతి. బయట అలలు ఎగసిపడుతుంటే, పోటు మీద ఉంటే, సముద్రం నది నీటిని తీసుకోదు. నదీ ముఖాల్లో ఇసుక మేట వేరే. ఊరు చూస్తే పళ్ళెంలా చదును. నిండిన కడవకు మూత కూడా పెట్టినట్టే.

ఇదంతా కొత్తవాళ్ళ పాపమే అనుకుంటే పొరపాటు. మన తెలుగువాళ్ళు ఎంతో ఇష్టంగా చెప్పుకునే త్యాగరాయ నగర్ ఉందే, పిట్టి త్యాగరాయ చెట్టిగారి పేరు పెట్టుకున్నది, నడుమ పానగల్ రాజావారి పేర పార్కు ఉన్నది, ఆ పేట వెలిసింది ఎక్కడ? మాంబళం చెరువులో. ఇంగ్లీషువాళ్ళు లాంగ్ ట్యాంక్ అనేవాళ్ళు, అంత పొడుగు చెరువు. 1920లలో దాన్ని పూడ్చి పేట వేశారు. పడమటి మాంబళంలో లేక్ వ్యూ రోడ్డు ఇప్పటికీ ఉంది. అక్కడ నిలబడి ఎటు చూసినా లేక్ కనబడదు. నుంగంబాక్కం చెరువు చోట 1976లో వళ్ళువర్ కోట్టం లేచింది. అదే ఏడు నవంబరు 25న ఆ పేటలోని వాతావరణ కేంద్రంలో ఒక్క రోజున 45 సెంటీమీటర్ల వాన నమోదైంది, అడయారు పొంగింది. పళవంతాంగల్ పేరు వినే ఉంటారు. తాంగల్ అంటే చిన్న చెరువు. ఊళ్ళ పేర్లలో చెరువులు మిగిలాయి. వాన వచ్చినప్పుడు నీళ్ళు పాత చిరునామా వెతుక్కుంటూ వస్తాయి.

మన నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి ఒకప్పుడు బియ్యం, కట్టెలు పడవల మీద తెచ్చిన బకింగ్‌హామ్ కాలువ ఇదే ఊరి నడుమ ఉంది. నగరంలో అడయారునూ కూవాన్నీ కలిపే ముక్కను 1877-78 కరువు రోజుల్లో కూలీల చేత తవ్వించారు. కరువులో తవ్విన కాలువ వరదలో పనికొచ్చేదే. ఇప్పుడు దాని కడుపులో లోకల్ రైలు స్తంభాలున్నాయి. ఇంతకంటే దాని గురించి చెప్పబుద్ధి కావడం లేదు.

ఒక మాట మాత్రం మానకుండా చెప్పాలి. 2015లో నీళ్ళు తీశాక ప్రతి వీధిలో ఇంటింటి పరుపులు, బట్టలు, పుస్తకాలు, నానిన బియ్యం, చచ్చిన కుక్కలు గుట్టలు పడ్డాయి. అవి ఎత్తినవాళ్ళలో తెలుగు మాట్లాడేవాళ్ళు ఎంతమందో. తరాల కింద నెల్లూరు, ప్రకాశం వైపు నుంచి వచ్చి ఈ ఊరి పారిశుద్ధ్యం మోస్తున్నవాళ్ళు. మా వీధిలో గమ్‌బూట్లు కూడా లేకుండా మురుగులో దిగిన ఒకామెను అమ్మా, మీ ఇల్లెక్కడ అని అడిగితే, "మాదీ మునిగిందయ్యా, అది ఆదివారం చూసుకుంటా" అంది. ఆమె ఇల్లు కూవం ఒడ్డున. తర్వాత కూవం ఒడ్డు నుంచి, అడయారు ఒడ్డు నుంచి ఎన్నో కుటుంబాల్ని లేపి ఎక్కడో పెరుంబాక్కం వైపు పంపించారు. పెరుంబాక్కం ఎక్కడుందనుకున్నారు? పళ్ళికరణై పక్కనే.

సరే, తిరిగి మా నగరికి.

కొసస్తలై అని ఇక్కడ పిలిచే నదిని మా వైపు కుశస్థలి అంటాం. కార్వేటినగరం దగ్గర కృష్ణాపురం జలాశయం దాటి, పళ్ళిపట్టు, నగరి వైపుల గుండా పూండికి వస్తుంది. పూండి జలాశయం 1944లో కట్టింది, సత్యమూర్తి పేర. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరి, 1996లో తెలుగు గంగ నీళ్ళు మొదట చేరింది కూడా పూండికే. అంటే కండలేరు నుంచి కాలువలో వచ్చే తాగునీరూ, కుశస్థలిలో వచ్చే వరదా ఒకే తొట్టిలో పడతాయి. పూండి నిండి గేట్లెత్తితే ఆ నీరు మణలి పుదునగర్ పక్కగా ఎణ్ణూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. 2021 నవంబరులో మణలి పుదునగర్ మునిగింది ఆ నీటిలోనే. ఆరణియార్‌దీ అదే కథ. పిచ్చాటూరులో గేట్లెత్తితే ఊత్తుకోట దగ్గర జనం ఆగిపోతారు. మన వైపు జిల్లా యంత్రాంగం, ఈ వైపు జిల్లా యంత్రాంగం గేటెత్తే ముందు ఒకరికొకరు కబురు పెట్టుకోవడం ఉంది. ఆ కబురు ఎణ్ణూరులో నది ఒడ్డున ఉన్న ఇంటికి చేరడానికి మాత్రం ఎన్ని కార్యాలయాలు దాటాలో.

మా ఇంటికి మాత్రం ఆ కబురు చేరే దగ్గరి దారి ఒకటి ఉంది. నగరిలో మా అక్క ఉంటుంది. కార్తీక మాసంలో పొద్దున్నే దీపం పెట్టి, ఏటి వంతెన దాకా వెళ్ళి రావడం ఆమెకు అలవాటు. ఏదో ఒక రోజు ఫోన్ వస్తుంది. "ఒరేయ్, ఏరొచ్చిందిరా. ఎర్ర నీళ్ళు. వంతెన మీద జనం చేరినారు" అంటుంది. నేను పేపరు తీసి పూండి ఎదురుగా ఎన్ని అడుగులుందో చూస్తాను. పూర్తి మట్టం 35 అడుగులు, తీసివేత సులువే. చూసి కిందికి దిగుతాను. పాటికి ఇప్పుడు ఎనభై దాటింది, చెవి సరిగా వినపడదు, అయినా నేను మెట్లు దిగే వాలకం చూసి, "ఎవ్వళవు?" అని అడుగుతుంది, ఎంత అని. చెబుతాను. ఆవిడ లోపలికి వెళ్ళి, గోడకు వేలాడే సంచీలోంచి నంబర్లు రాసుకున్న పుస్తకం తీసి, ఎణ్ణూరులో ఉన్న కూతురికి ఫోన్ చేస్తుంది. బియ్యం డ్రమ్ము అటక మీదికి ఎత్తించమని.